సెలవు అనే పద్దు

కొల్లేటి ఒడ్డున ఒక లంకగ్రామంలో నేను రెండేళ్లు బోర్డు బడి పంతులుగా పనిచేశాను. పంతొమ్మిది వందల ముప్ఫైల మొదటి సంవత్సరాలవి. ధాన్యం ధర పడిపోయి రైతులు తలలు పట్టుకున్న కాలం. అంతకుముందు తాడేపల్లిగూడెంలో, మా పఠనమందిరం బల్ల గుద్ది గుద్ది, జాతకాలనూ శకునాలనూ అంటరానితనాన్నీ వాదంలో ఓడించినవాణ్ని. వాదంలో ఓడినవి లోకంలోనూ ఓడిపోతాయన్న నమ్మకంతోనే ఆ ఊరు వెళ్లాను.

బడి ఒక తాటాకు పాక. నాలుగో తరగతిలో పదకొండుమంది ఉండేవారు. అందులో ముగ్గురు పాలెం పిల్లలు. పాలెం అంటే ఊరికి దిగువన, వరదొస్తే ముందుగా మునిగే చోట, క్రైస్తవం పుచ్చుకున్న కూలివాళ్ల ఇళ్ల వరస. ఆ ముగ్గురూ మొదట చూరు కింద కూర్చునేవారు. రెండు నెలలు ఊరి పెద్దలతో పోట్లాడి వాళ్లను లోపలికి తెచ్చి చాప మీద కూర్చోబెట్టాను. ఆ సంగతి ఏలూరులో ఒక సభలో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఆ ముగ్గురిలో ఒకతె ఆడపిల్ల. పదేళ్లుంటాయి. తండ్రి ఊళ్లో పెద్ద కామందు దగ్గర పాలేరు, అంటే ఏడాదికి ఇన్ని బస్తాలని జీతానికి కుదిరిన మనిషి. తల్లి అదే కామందు పొలంలో కూలి. తల్లికి చిన్నతనంలో మశూచి వచ్చి ఎడమ కన్ను పోయింది. ఆ ఏడు కొల్లేటి గర్భంలో వేసిన దాళ్వా పంట నూర్చి, కళ్లంలో తూర్పారబడుతుంటే, మిగిలిన కుడి కంట్లో వడ్ల నూగు పడింది. కన్ను ఎర్రబడి, నాలుగు రోజులు తిరిగేసరికి నల్లగుడ్డు మీద తెల్లచుక్క లేచింది. ఎవరో ఆకుపసరు పిండారు. ఎవరో చనుబాలు పోశారు. నేను పాలెం వెళ్లి గట్టిగానే చెప్పాను.

“పసర్లు ఆపండి. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆలస్యం చేస్తే ఈ కన్ను కూడా పోతుంది.”

“అలాగేనండి,” అన్నారు అందరూ. మా గోదావరి వైపు దేనికైనా అలాగేనండి అంటారు. ఎదురు చెప్పడం మర్యాద కాదు గనుక అంటారు. ఆ మాట విని పని అయిపోయిందనుకుని తిరిగి వచ్చాను.

ఆ వారంలోనే నేను కొత్త పాఠం ఒకటి మొదలుపెట్టాను. మా పిల్లలకు ఎక్కాలు నోటికొచ్చేవి. కాని పన్నెండు పైసలు అణా, పదహారు అణాలు రూపాయి అని తెలిసినా, పైసల వరస కూడి అణాల్లోకి ఎక్కించమంటే పలకల మీద గందరగోళమయ్యేది. ఇక రాత సంగతి చెప్పనక్కర్లేదు. ఆవు గురించి రాయమంటే ఆవు సాధుజంతువు అని రాసి కలం కింద పెట్టేవారు. ఆవు తమను తన్నిన సంగతి రాయొచ్చని వాళ్లకు తోచేది కాదు. బతుకులో ఉన్న లెక్కను, బతుకులో ఉన్న మాటను బడిలోకి తేవాలని నా తాపత్రయం. అందుకని అందరికీ తలొక కాగితం ఇచ్చి ఇలా చెప్పాను.

“ఎండాకాలం సెలవుల్లో మీరొక ప్రయాణం చేస్తున్నారు. చేతిలో ఐదు రూపాయలున్నాయి. ఎక్కడికి, ఎందుకు వెళ్తారో, దేనికెంత ఖర్చవుతుందో పద్దుల వారీగా రాయండి. మొత్తం ఐదు దాటకూడదు. తిరిగి ఇల్లు చేరాలి. లెక్క అయ్యాక ఆ ప్రయాణం మీదే పది వాక్యాలు రాయండి.”

నల్లబల్ల మీద ధరలు రాశాను. మా రేవు నుంచి ఏలూరుకు పడవలో పెద్దలకు రెండణాలు, పిల్లలకు అణా. ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి రైలు మూడో తరగతి. జట్కా. పూటకూళ్లింట్లో భోజనం. రాసి వెనక్కి తిరిగేసరికి ఒక రైతు పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

“మేష్టారండీ, ఎండాకాలం కాలవ కట్టేస్తారండి. పడవెక్కడిదండీ?”

నిజమే. ఏటా వేసవిలో మరమ్మతులకని కాలవలకు నీళ్లు ఆపేస్తారు. పట్నం వాసన పోని నాకు అది గుర్తు లేదు.

“మరి అప్పుడు ఏలూరు ఎలా వెళ్తారు?”

“బండి కడతామండి. బండి లేనివాళ్లు నడుస్తారండి.”

“మేష్టారైతే గొడుగేసుకుని మధ్య మధ్య కూచుంటా నడవాలండి,” అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరితోపాటు నేనూ నవ్వి, పడవ కొట్టేసి బండి అద్దె రాశాను.

అప్పుడే ఆ పిల్ల లేచింది. “మేష్టారండీ, ఐదు రూపాయలు కాకుండా పద్నాలుగు అణాలనుకోవచ్చాండీ?”

“ఏం?”

“మా ఇంట్లో అంతే ఉన్నాయండి. సెలవుల దాకా ఆగకూడదండి. పడవ ఉండగానే వెళ్లాలండి, అమ్మ కంటికి.”

ఎవరో కిసుక్కుమన్నారు. నేను కసిరి, అలాగే రాయమన్నాను. నా పాఠం పాలెంలో ఒక ఇంటి అవసరాన్ని అందుకుందని లోలోపల పొంగిపోయాను.

మర్నాడు కాగితాలు దిద్దాను. ఒకడు తాడేపల్లిగూడెం వెళ్లి బియ్యం మిల్లు చూసి, కాఫీకి ఏకంగా పావలా పెట్టాడు. ఇంకొకడి లెక్కలో తిరుగు ప్రయాణం లేదు. అడిగితే, “రైలు దాకా మావయ్య వచ్చి టిక్కెట్టు ఆయనే కొంటాడండి,” అన్నాడు. మరొకడు తనూ పడవ ఉండగానే వెళ్తానని, ముహూర్తం చూసినందుకు సిద్ధాంతికి రెండణాల బేడ, రేవులో అమ్మవారికి అణా రాశాడు. నా చేతిలో ఎర్రసిరా ఉంది. ఏ ఖర్చుకు బుద్ధి ఒప్పుకోదో అది నా ఎర్రగీతకు బలి కావలసిందే. రెండూ కొట్టేశాను.

“అమ్మవారి అణా కొట్టేస్తే పడవ మునుగుతుందండి,” అన్నాడు వాడు.

“అణా ఇచ్చినవాళ్లూ ఇవ్వనివాళ్లూ ఒకే పడవలో కూర్చుంటారు కదా. ఎవరి కిందనుంచి మునుగుతుంది?” అన్నాను. తరగతి నవ్వింది. నాకు ఆ నవ్వు ఇష్టం.

తర్వాత ఆ పిల్ల కాగితం తీశాను. ఎంత పొందికగా రాసిందో చెప్పలేను. అమ్మకు, నాన్నకు, తనకు పోనురాను పడవ పది అణాలు. మందు పోయించుకోడానికి ఖాళీ సీసా ఆరు పైసలు. దారిలో తినడానికి బొరుగులు అణా. అన్నం ఇంటి నుంచే, సున్నా. ఈ సున్నాకు కారణం నేను అడగలేదు. తమవాళ్లను ఏ పూటకూళ్లింట్లోనూ గడప ఎక్కనివ్వరని పదేళ్ల పిల్లకు తెలుసు. అన్నిటికంటే పైన మొదటి పద్దు ఇలా ఉంది: సెలవు, ఎనిమిది అణాలు. మొత్తం ఒక రూపాయి మూడణాల ఆరు పైసలు. కింద, చాలవు, ఇంకా ఐదణాల ఆరు పైసలు కావాలి అని రాసింది.

కూడిక తప్పు లేదు. కాని ఆ మొదటి పద్దు నాకు అర్థం కాలేదు. సెలవుల ప్రయాణం అని పైన రాయవలసిన శీర్షికను పద్దుల్లో పెట్టేసిందనుకున్నాను.

“ఇదేమిటి? సెలవుకు ఎనిమిదణాలా?”

“అవునండి. రెండు రోజులకండి.”

“సెలవంటే ఏమిటి?”

“సెలవేనండి,” అంది, ఇంకెలా చెప్పాలో తెలియక.

“బడికి సెలవిచ్చినప్పుడు నేను మీ దగ్గర డబ్బు పుచ్చుకుంటున్నానా?”

“లేదండి.”

“మరి? సెలవు ఊరికే ఇస్తారు. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.”

తరగతి మళ్లీ నవ్వింది. “మీరు చెప్తే సరేనండి,” అంది ఆ పిల్ల. ఎర్రగీత పెట్టాను. మొత్తం పదకొండు అణాల ఆరు పైసలైంది. ఇంకా రెండణాల ఆరు పైసలు మిగులు. “చూశావా, నీ దగ్గర ఉన్నదే చాలు,” అని ఆమెచేత పైకి చదివించాను. అదే వారంలో ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇలాంటి పాఠం జిల్లాలో చూడలేదని మెచ్చుకుని, నమూనాకు మూడు కాగితాలు ఏలూరు పట్టుకెళ్లారు. ఆ పిల్లది వాటిల్లో ఒకటి. దిద్దుబాటు కూడా బాగుందన్నారు.

ఆ పద్దు అర్థం తెలుసుకోడానికి ఎంతసేపు పట్టేది? నాలుగు మాటలు. పాలేరు ఒక పూట పని మానాలంటే కామందును అడిగి, తన బదులు మనిషిని పెట్టి, ఆ మనిషి కూలి తనే ఇచ్చుకోవాలి. కోతల రోజుల్లో అది రోజుకు నాలుగణాలు. ఆ కూలిని పాలెంలో సెలవు అంటారు. మా అమ్మమ్మ కూడా నూనె అయిపోతే సెలవైపోయింది అనేది. ఖర్చుకు ఆ మాట ఉందని ఎరిగినవాణ్నే. అనుమతికీ అదే మాట, బడి మూసే రోజులకూ అదే మాట. నాకు గుర్తొచ్చింది ఒక్క బడి సెలవే. వాదంలో అవతలివాడి మాటకు అర్థం ముందు తేల్చుకోవాలని ఊరూరా చెప్పిన నేను, పదేళ్ల పిల్ల దగ్గర ఆ నియమం అక్కర్లేదనుకున్నాను.

నేను దిద్దిన సాయంత్రమే పిల్ల కాగితం ఇంట్లో చదివింది. ఎర్రసిరా చూపించింది. పెద్దవాళ్లు ఏదైనా చెబితే సెలవిచ్చారు అనడం మనవైపు మర్యాద. “సెలవుకి ఏమీ ఇవ్వక్కర్లేదని మేష్టారు సెలవిచ్చారు,” అని తండ్రితో అంది. తండ్రికి చదువు రాదు. కాని నేను అద్దెకున్నది కామందు గారి వీధి గదిలో అని తెలుసు. బడికి స్థలం ఇచ్చింది ఆయనే అని తెలుసు. కామందు గారి మాటే పంతులు గారి నోట వచ్చిందని అతను అనుకున్నాడు. అంతకంటే సబబైన అర్థం ఇంకొకటి నాకు ఈనాటికీ కనిపించదు.

మర్నాడు తెల్లవారుతూనే ముగ్గురూ పడవెక్కారు. రెండో రోజు సాయంత్రానికి తిరిగి వచ్చారు. ఆసుపత్రిలో మంచిగానే చూశారట. కన్ను కడిగి, మందు వేసి, కట్టు కట్టి, సీసాలో చుక్కలు పోసి ఇచ్చి, సరిగ్గా ఎనిమిదో రోజున మళ్లీ తీసుకురమ్మన్నారు. పుండు లోతుగా ఉంది, అప్పుడు చూసి చెయ్యవలసింది ఉంది, రాకపోతే చూపు నిలవదు అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పిందని పిల్ల నాకు చెప్పింది. ఆ ఎనిమిదో రోజు కాలవ కట్టేసే ముందు ఆఖరి పడవ పోయే రోజు.

ఆ మరుసటి ఉదయం గదిలో ముఖం కడుక్కుంటుంటే అరుగు మీదినుంచి మాటలు వినిపించాయి.

“ఏరా, రెండు రోజులు కళ్లం గాలికొదిలేసి ఎక్కడికి పోయావు?”

“ఏలూరండి. ఆడదాని కన్నండి.”

“నీకు సెలవెవరిచ్చారు?”

“మేష్టారు గారు సెలవిచ్చారండి.”

తర్వాత కామందు గొంతు ఎప్పటికంటే మెత్తగా వినిపించింది. “ఏవండీ పంతులు గారూ, ఒక్కసారి ఇలా దయచేస్తారా అండి?”

వెళ్లాను. ఆయన పడక్కుర్చీలో ఉన్నారు. పాలేరు అరుగు కింద తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మా పాలేళ్లకు తమరు సెలవులిస్తున్నారని తెలియక ఇన్నాళ్లూ నేనే ఇస్తున్నానండి. బడి కాక ఈ పని కూడా బోర్డు వారు తమకు ఒప్పజెప్పారాండీ?”

అప్పుడు అర్థమైంది నాకు. పొరపాటు నాదని ఆ క్షణాన చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. మనిషికి జబ్బు చేస్తే వెళ్లే హక్కు అమ్మే సరుకు కాదన్నాను. రెండు చేతుల కష్టం కొన్నవాడు ఆ ఇంట్లో కళ్లు కూడా కొన్నాడా అన్నాను. సభలో అయితే చప్పట్లు పడే వాక్యాలు. ఆయన అంతా విన్నారు.

“ఎనిమిదణాల కోసం చూసే ముఖమాండీ నాది? అడిగితే ఊరికే పంపేవాణ్ని. అడగనివాడికి ఎలా ఇస్తానండీ? రెండు రోజుల నాగాకు ఏడాది జీతంలో రెండు బస్తాలు కోత. కళ్లం ఎత్తేదాకా వీడు ఊరు కదలడానికి లేదు.”

“ఎనిమిదో రోజు ఆసుపత్రికి వెళ్లకపోతే ఆవిడ గుడ్డిదవుతుంది,” అన్నాను.

“అయ్యో, అలాగాండీ,” అన్నారు ఆయన. “అయితే ఒక పని చేయండి. తెలియక చెప్పాను, తప్పు నాది అని వీడి ఎదుట ఒక్క మాట అనండి. ఎనిమిదో రోజు నేనే పడవ రేవుకు పంపిస్తాను.”

పాలేరు తల ఎత్తి నన్ను చూశాడు. కళ్లలో కోపం లేదు. ఒక్క మాటే కదా అన్నట్టు చూశాడు.

నేను అనలేదు. న్యాయాన్ని తప్పని ఒప్పుకుంటే రేపు ఏ పాలేరూ నోరెత్తడు అనుకున్నాను. రేపటి పాలేళ్లందరి తరఫునా అక్కడ నిలబడ్డ ఒక్క పాలేరును వదిలేసి గదిలోకి వచ్చేశాను. బోర్డుకు ఒక అర్జీ రాశాను. ఏలూరులో మిత్రులకు ఉత్తరాలు రాశాను. ఒక పత్రికకు వ్యాసం మొదలుపెట్టాను. ఆ వ్యాసం చక్కగా వస్తుండటం నాకు గుర్తుంది. అలా ఐదు రోజులు గడిచిపోయాయి. ఏ ఉత్తరానికీ జవాబు రాలేదు.

ఏడో రోజు మధ్యాహ్నం పిల్ల బడి వదిలాక ఆగింది. “మేష్టారండీ, చుక్కల మందు అయిపోయిందండి. కట్టు కింద నీరు కారతా ఉందండి,” అని చెప్పి, ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయింది.

నేను తిన్నగా అరుగు దగ్గరికి వెళ్లాను. “తప్పు నాదండి. మాట అర్థం తెలియక చెప్పాను,” అన్నాను. ఆయన వక్క నములుతూ నవ్వారు. “పెద్దవారు, అంత మాట ఎందుకండీ. వాణ్ని వెళ్లమనండి. నాకేం అభ్యంతరం లేదు.”

పరుగులాంటి నడకతో పాలెం వెళ్లాను. పాలేరు గుమ్మంలో కూర్చుని తాడు పేనుతున్నాడు. తల్లి లోపల గోడకు ఆనుకుని ఉంది. కంటికి కట్టు.

“కామందు గారు ఒప్పుకున్నారు. రేపు పడవకు వెళ్లండి. బదులు మనిషి కూలి నేనిస్తాను,” అన్నాను.

అతను తాడు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. “వెళ్లమంటారండి. తొలేకాశికి జీతాలు మాట్లాడేటప్పుడు ఇంకొకణ్ని పెట్టుకుంటారండి. అప్పుడు ముగ్గురికీ తిండుండదండి.”

“మీరు రాకపోతే పోనీ. ఆవిణ్నీ పిల్లనూ నేను తీసుకెళ్తాను.”

“తమరు మంచోరేనండి,” అన్నాడు. గొంతులో వెటకారం వెతికాను. లేదు. “తమరు ఇంక మాకేమీ సెలవివ్వకండి బాబూ.”

లోపలినుంచి తల్లి, “ఆయనొద్దన్నాక నేనెలా వస్తానండి. కష్టం పెట్టుకోకండి,” అంది. నేను వాదించాను. ఎంతసేపని చెప్పను? నేను చెప్పిన ప్రతిదానికీ ఇద్దరూ అలాగేనండి అన్నారు. మర్నాడు ఉదయం రేవులో నేనొక్కణ్నే నిలబడ్డాను. పడవ వాడు ఎక్కేవాళ్లున్నారా అని రెండుసార్లు అడిగి తాడు విప్పుకున్నాడు.

వేసవి సెలవులకు నేను తాడేపల్లిగూడెం వెళ్లిపోయాను. బడి తెరిచాక ఆ పిల్ల రాలేదు. తొలి ఏకాదశికి ఆమె తండ్రి అదే కామందు దగ్గర కుదిరాడని, జీతం నిరుటికంటే రెండు బస్తాలు తక్కువని విన్నాను. మిగిలిన పాలెం పిల్లల్ని అడిగితే, “ఊడ్పులకు పోతా ఉందండి,” అన్నారు.

ఒక సాయంత్రం పొలాల వైపు వెళ్లాను. ముసురు పట్టి ఉంది. ఊడ్పు వరసలో చివర తల్లీ కూతురూ ఉన్నారు. మడికి అడ్డంగా తాడు లాగి కట్టి ఉంది. తల్లి ఎడమ చేత్తో ఆ తాడు తడుముకుంటూ కుడి చేత్తో నారు నాటుతోంది. తాడు వదిలిపోయిన చోట పిల్ల ఆమె మణికట్టు పట్టుకుని వరసలో పెడుతోంది. మిగతా వరస వాళ్లకంటే నాలుగు బారలు ముందుంది.

“బడికి రావా?” అన్నాను గట్టు మీదినుంచి.

“రాలేనండి. అమ్మకి వరస తెలీదండి,” అంది పిల్ల. “నేనుంటే ఇద్దరికీ కలిపి ఒక కూలి ఇస్తారండి.”

“ఎవరమ్మా?” అంది తల్లి.

“మేష్టారమ్మా.”

తల్లి నడుం ఎత్తి, బురద చేతులు చీరకు తుడుచుకుని, కొంగు తల మీదికి లాక్కుంది. “దండాలండి,” అని చేతులు జోడించింది. జోడించింది నేనున్న వైపు కాదు. అక్కడ గట్టు మీద నారు కట్టలు పేర్చి ఉన్నాయి. పిల్ల ఆమె భుజాలు పట్టుకుని నావైపు తిప్పబోయింది. నేను వద్దని చెయ్యి ఊపాను. వరస ముందునుంచి మేస్త్రీ కేకేశాడు. ఇద్దరూ మళ్లీ వంగారు.